పీఎస్ఆర్-2000 ఇచ్చేసి కొత్తది తీసుకోవాలా? పాత అరేంజర్ కీబోర్డుల మంచీ చెడూ తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. మా ఇంట్లో యమహా పీఎస్ఆర్-2000 ఉంది, ఎడమచేత్తో కార్డ్ (కలిపి నొక్కే రెండు మూడు స్వరాలు) పడితే డ్రమ్సూ బేసూ తనే వాయించే అరేంజర్ కీబోర్డు. మా నాన్నగారు 2006లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పదేళ్ళపాటు శ్రీరామనవమి పందిళ్ళలో, శనివారం భజనల్లో ఆయనే వాయించేవారు. కుడి భుజం పట్టేశాక మానేశారు. అప్పటినుంచీ అది దుప్పటి కప్పుకుని బీరువా పక్కనే ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి దుమ్ము దులిపి ఆన్ చేస్తే చక్కగా వెలిగింది. మా అమ్మాయికి పదకొండేళ్ళు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, గీతాలు అయిపోయి స్వరజతుల్లోకి వచ్చింది. ఇప్పుడు బడి నుంచి రాగానే దాని ముందే కూర్చుంటోంది.

షాపులో అడిగితే ‘అది ఫ్లాపీల కాలంది సార్, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి యమహాలోనే కొత్తది ఎస్ఎక్స్600 తీసుకోండి’ అన్నారు. ఆయన చెప్పిన ధర వింటే నాన్నగారి ముఖం చూడబుద్ధి కాలేదు. అలాగని ఇది ఉంచుకుంటే పాపకి ఎన్నాళ్ళు పనికొస్తుందో తెలియదు. నాన్నగారు అట్టపెట్టెలో దాచిన ముప్ఫై ఫ్లాపీలకీ గోడ చెమ్మ తగిలి బూజు పట్టింది. కొత్త ఫ్లాపీ పెడితే మాత్రం చదువుతోంది. నెట్‌లో దొరికిన తెలుగు స్టైళ్ళు (బోర్డు తనంతట తను వాయించే తోడు వాద్యాల ఫైళ్ళు) కాపీ చేసి పెడితే కొన్ని తెరుచుకుంటున్నాయి, కొన్ని తెరుచుకోవడం లేదు.

ఇంకొకటి. పాప మోహనంలో గీతం వాయిస్తుంటే ఎడమచేత్తో నేను కార్డులు పట్టి స్టైల్ నడిపించాను. రెండు నిమిషాలు కాగానే ఆపేసి ‘ఏదో తప్పు స్వరం వస్తోంది నాన్నా’ అంది. నాకు అంత చెవి లేదు. మూడు రోజులుగా అదే మాట అంటోంది. బోర్డు పాతదవడం వల్లనా?

తెనాలి తిశ్రం:

నమస్తే గోదారిగట్టు గారూ. ముందు పాప చెవి సంగతి. తను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, తప్పు స్వరం వస్తోంది. బోర్డు పాతదవడం వల్ల కాదు, మీ ఎడమచెయ్యి వల్ల.

మోహనంలో ఉన్నవి స రి గ ప ద. సి మెట్టుని షడ్జమంగా పెట్టుకుంటే సి, డి, ఈ, జి, ఏ. మ లేదు, ని లేదు. మీరు ఎఫ్ కార్డ్ పట్టారనుకోండి, అందులో మొదటిదే మధ్యమం. జి కార్డ్ పట్టారా, నడిమిది నిషాదం. పాప పైన ఎంత శుద్ధంగా వాయించినా కింద స్టైల్‌లో గిటారూ స్ట్రింగ్సూ ఆ రెండు స్వరాలనీ మోగిస్తూనే ఉంటాయి. మామూలు మేజర్, మైనర్ కార్డుల్లో మోహనానికి పూర్తిగా ఇమిడేవి రెండే రెండు, సి మేజర్, ఏ మైనర్. సినిమా పాటలకి అలవాటుపడిన చెయ్యేమో సి పట్టగానే ఎఫ్‌కీ జికీ పరిగెడుతుంది. నేనూ ఏళ్ళ తరబడి అలాగే వాయించాను.

యమహా స్టైల్ లోపల ఎనిమిది భాగాలుంటాయి. రిథమ్ రెండు, బేస్ ఒకటి, కార్డ్ రెండు, ప్యాడ్ ఒకటి, ఫ్రేజ్ రెండు. రిథమ్ తప్ప మిగతావాటిని మామూలుగా సి మేజర్ సెవెంత్ మీద రికార్డు చేసి ఉంచుతారు. మీరు ఏ కార్డ్ పడితే ఆ కార్డుకి తగ్గట్టు ఆ స్వరాలను బోర్డు జరుపుకుంటుంది. రాగం అన్న సంగతే దానికి తెలియదు. 2001లో వచ్చిన మీ బోర్డుకే కాదు, ఇవాళ షాపులో ఉన్న అరేంజర్లకీ ఇంతే. కాబట్టి ఈ ఒక్క కారణానికి లక్షలు పెట్టకండి.

ఇలా చేయండి. ఛానల్ ఆన్/ఆఫ్ నొక్కి కార్డ్ 1, కార్డ్ 2, ప్యాడ్, రెండు ఫ్రేజులు ఆపేయండి. రిథమ్, బేస్ ఉంచండి. కార్డ్ ఫింగరింగ్ ‘ఫింగర్డ్’లో పెట్టి ఎడమచేత్తో సి, జి రెండే మెట్లు పట్టండి. స్క్రీన్ మీద 1+5 అని వస్తుంది. మధ్యలో గాంధారం లేదు కాబట్టి మేజరా మైనరా అన్న పేచీ ఉండదు. మోహనానికి సి-జి, జి-డి, డి-ఏ, ఏ-ఈ నాలుగూ నప్పుతాయి. ఈ-బి మాత్రం వద్దు, అందులో ని ఉంది. బేస్ కూడా అడ్డొస్తోందనిపిస్తే పక్కపక్కనే ఉన్న మూడు మెట్లు, అంటే సి, దాని పక్క నల్లమెట్టు, డి కలిపి నొక్కండి. కార్డ్ రద్దయిపోయి ఒట్టి లయ నడుస్తుంది. కీర్తనలకి నేను వాడేది ఇదే.

ఇక మీ అసలు ప్రశ్న. నేను హార్మోనియం నుంచి వచ్చినవాణ్ణి, 1994 నుంచి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నాను. 1996లో మా ట్రూపు ఓనరుగారు మద్రాసు నుంచి కార్గ్ ఐ3 తెచ్చారు. 1993లో వచ్చిన బోర్డు అది. స్పీకర్లుండవు, ఆంప్లిఫయర్‌కి తగిలించాల్సిందే. మొదటి రోజు ఒక్క కార్డ్ పట్టగానే డ్రమ్సూ బేసూ గిటారూ కలిసి లేచాయి, నాకు ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత యమహాలు, ఒక రోలాండ్, మళ్ళీ యమహా. కొత్తవీ వాయించాను. పాతవాటిలో నాకు ఇప్పటికీ సాటిలేదనిపించేది వాటి బటన్ల వరస.

పందిట్లో రాత్రి పదకొండు గంటలకి వెలుగు స్టేజీ ముందువైపే ఉంటుంది, మన చేతుల మీద పడదు. పాడేవాడు ఊపులో ఇంటర్‌లూడ్ వదిలేసి పల్లవి నుంచి నేరుగా చరణం ఎత్తుకుంటాడు. అప్పుడు స్క్రీన్ చూసే తీరిక లేదు. పీఎస్ఆర్-2000లో స్టైల్ భాగాల బటన్లు, అంటే ఇంట్రోలు, మెయిన్ నాలుగు, బ్రేక్, ఎండింగ్ అన్నీ ఒకే వరస. ఎడమచేతి బొటనవేలు ఆ వరసని తడుముకుంటూ పోతే మెయిన్ బి ఎక్కడుందో దానికే తెలిసిపోతుంది. ట్యాప్ టెంపో నాలుగుసార్లు కొడితే ఆ నడకలోనే స్టైల్ మొదలవుతుంది. అబ్బాయి ఒకటిన్నర శృతిలో పాడి దిగితే అమ్మాయి ఐదులో ఎక్కుతుంది, ట్రాన్స్‌పోజ్ బటన్ (శృతి మార్చేది) చేతికి అందేచోటే ఉంటుంది. టచ్ స్క్రీన్ మీద చెమట వేలితో ఈ పనులు చేసి చూడండి, తేడా తెలుస్తుంది.

రెండో బలం చాలామంది పట్టించుకోరు. కార్డ్ పట్టి చెయ్యి తీసేసినా స్టైల్ ఆగదు, చివరి కార్డునే గుర్తుంచుకుని నడుపుతుంది. అంటే ఎడమచెయ్యి ఖాళీ. ఆ చేత్తో పిచ్ బెండ్ చక్రం (స్వరాన్ని పైకీ కిందికీ జార్చేది) పట్టుకోవచ్చు, మన సంగీతానికి ప్రాణం అక్కడుంది. పాప తోడికి వచ్చినప్పుడు ఇది చూపించండి. తోడిలో సాధారణ గాంధారం నిలకడగా ఉండదు, రికీ మకీ మధ్య ఊగుతుంది. సి షడ్జమం అయితే ఆ గ నల్లమెట్టు, డి షార్ప్. బెండ్ రేంజ్ మామూలుగా రెండు అరస్వరాలు ఉంటుంది. చక్రం పూర్తిగా కిందికి లాగితే డి షార్ప్ నుంచి సరిగ్గా శుద్ధ రిషభానికి దిగుతుంది, పూర్తిగా పైకి తోస్తే శుద్ధ మధ్యమానికి ఎక్కుతుంది. ఆ మెట్టు నొక్కిపట్టి చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే తోడి గాంధారం పలుకుతుంది. గొంతులో పలికే గమకానికి ఇది సమానం అనను. హార్మోనియం మీద ఇది అసలు సాధ్యం కాదు, ఆ లోటు తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

లోపాల్లోకి వస్తే, ఆ కాలపు బోర్డులు మనకోసం చేసినవి కావు. 1991లో ఖాయం చేసిన జనరల్ మిడి (కీబోర్డులకి ఉమ్మడి ప్రమాణం) జాబితాలో 128 వాద్యాల టోన్లున్నాయి. సితార్ 105వది, షెహనాయి 112వది. వీణ లేదు, నాదస్వరం లేదు, డ్రమ్ కిట్‌లో తబలా లేదు. బోంగో, కాంగాలతో తబలా ఠేకా కొడితే ఎలా ఉంటుందో మా ట్రూపు తబలా మేస్త్రి ఒకసారి విని లేచి బయటికి వెళ్ళిపోయారు. ఇంట్లో పుట్టి పెరిగిన పాటని ఎవరో పరాయివాళ్ళు పాడినట్టు ఉండేది. తిశ్రం (మూడేసి లెక్క నడక) పాటలకి మార్చ్ స్టైళ్ళలో ఆరు బీట్లది వెతుక్కుని ట్రంపెట్లు ఆపేసి వాడేవాళ్ళం. మిశ్ర చాపు (ఏడు లెక్కల తాళం) ఫ్యాక్టరీ స్టైళ్ళలో నాకు ఎక్కడా తగల్లేదు. ఆ తర్వాత మనవాళ్ళకోసమే కాసియో సిటికె-860ఐఎన్, యమహా పీఎస్ఆర్-ఐ425 లాంటివి వచ్చాయి, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10లో మన వాద్యాల టోన్లు పెట్టారు. ఆర్కెస్ట్రాల్లో మటుకు లయ పూర్తిగా రిథమ్ ప్యాడ్ వాయించేవాళ్ళ చేతికి వెళ్ళింది. నా మాట అడిగితే అదే సరైన చోటు.

ఫ్లాపీ గురించి ఒక రాత్రి చెబుతాను. 1999లో కొల్లిపర వైపు ఒక పెళ్ళి రిసెప్షన్. ఇరవై పాటల స్టైళ్ళు, సెట్టింగులు అన్నీ ఒకే ఫ్లాపీలో ఉన్నాయి. సామాన్లు దించుతూ దాన్ని స్పీకర్ బాక్సు మీద పెట్టాను. లోపల అంత పెద్ద అయస్కాంతం ఉందన్న ధ్యాస లేదు. గంట తర్వాత డ్రైవ్‌లో పెడితే ఫార్మాట్ చేయమని అడిగింది. అమ్మాయి తరఫువాళ్ళు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ప్రతి పాటకీ స్టైల్ వెతికి, వేగం సరిచేసి, టోన్ ఎంచి, రాత్రి ఒంటిగంట దాకా అలాగే లాగాను. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. అప్పటినుంచీ ప్రతి ఫ్లాపీకీ రెండు నకళ్ళు, వేరు వేరు సంచుల్లో.

ఒక సంగతి మనసులో ఉంది, అదీ రాస్తాను. మా ట్రూపులో మొదట తొమ్మిదిమందిమి. అరేంజర్ వచ్చిన నాలుగేళ్ళకి ఐదుగురం మిగిలాం. బేస్ గిటార్ వాయించే అతను నాకంటే మంచి వాద్యగాడు. కార్డ్ మారే ముందు ఒక్క స్వరంతో దారి చూపించేవాడు, ఏ స్టైల్‌లోనూ అది ఉండదు. అతను ఇప్పుడు సిమెంటు కొట్టు చూసుకుంటున్నాడు. ఈ బోర్డుల మంచి చెప్పేటప్పుడు ఇదీ పక్కన పెట్టి చెప్పాలి. స్టైల్ మొదటి చరణానికి ఎలా వాయించిందో మూడో చరణానికీ అలాగే వాయిస్తుంది. పాడేవాళ్ళ ఆయాసం దానికి వినపడదు.

మీ బోర్డు ఇవ్వకండి. ఫ్లాపీల సంగతి నాకంటే విజయవాడ తమ్ముడు బాగా చెబుతాడు.

బెంచి మీద బోర్డు (విజయవాడ):

తిశ్రం అన్న పిలిచాక రాకపోతే ఎలా. కీబోర్డుల రిపేరే నా పని.

గోదారిగట్టు గారూ, బూజు పట్టిన ఫ్లాపీలు డ్రైవ్‌లో పెట్టనే పెట్టకండి. బూజు హెడ్‌కి అంటుకుని, ఆ తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీరేస్తుంది. నాన్నగారికి ముఖ్యమైనవి ఏవో అడిగి ఒక ఐదారు విడదీయండి. ఇనుప షట్టర్ జరిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో నల్లటి డిస్కుని మెల్లగా తుడుస్తూ, మధ్యలో ఉన్న లోహపు బిళ్ళ తిప్పుతూ పోవాలి. రెండువైపులా. పూర్తిగా ఆరనిచ్చి, కంప్యూటర్‌కి తగిలించే పాత యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లో పెట్టి వెంటనే కాపీ తీసుకోవాలి. అన్నీ వస్తాయని మాట ఇవ్వలేను. నా చేతిలో సగానికి పైగా వచ్చాయి.

తర్వాత ఫ్లాపీ డ్రైవ్ తీసేసి గోటెక్ అనే ఎమ్యులేటర్ పెట్టించుకోవచ్చు. చూడ్డానికి ఫ్లాపీ డ్రైవ్ సైజే ఉంటుంది, పెన్‌డ్రైవ్ గుచ్చుకోవాలి. బోర్డు మాత్రం ఫ్లాపీ పెట్టారనే అనుకుంటుంది. ఒక్క పెన్‌డ్రైవ్‌లో వంద ఫ్లాపీలకి సరిపడా గదులు, బటన్‌తో నంబరు మార్చుకోవడమే. కొనేముందు బోర్డు విప్పించి కేబుల్ చూడండి. కొన్నింటిలో 34 పిన్నులది, కొన్నింటిలో 26 పిన్నుల పల్చటి పట్టీ ఉంటుంది. చూడకుండా తెచ్చుకుని తిరిగి పంపినవాళ్ళు నా దగ్గరికే వారానికొకరు వస్తారు.

కొన్ని స్టైళ్ళు తెరుచుకోకపోవడం మీ ఫ్లాపీ తప్పు కాదు. 2008లో టైరోస్3 అనే కీబోర్డుతో యమహా స్టైల్ ఫైలు తీరు మార్చింది, ఎస్ఎఫ్ఎఫ్ జీఈ అంటారు. మీది అంతకుముందుది, పాత తీరు ఫైళ్ళే చదువుతుంది. పాత తీరుకి మార్చే ఉచిత ప్రోగ్రాములు అభిమానులు రాసి పెట్టారు. మార్చాక గిటార్ భాగం అక్కడక్కడా తేడాగా వినిపిస్తుంది, దాన్ని ఆపేసుకుంటే సరి.

ఇంకో రెండు మాటలు. అడాప్టర్ పీఏ-300, అంటే 16 వోల్టులది. ఇంట్లో చిన్న కీబోర్డుల 12 వోల్టులది ఉంటే దీనికి గుచ్చకండి. కొన్ని మెట్లు గట్టిగా, కొన్ని నీరసంగా మోగుతుంటే భయపడొద్దు. మెట్ల కింద రబ్బరు పట్టీ, దాని మీద నల్లటి కార్బన్ చుక్కలుంటాయి. ఒక్కో మెట్టుకి రెండు. మొదటి చుక్క తగలడానికీ రెండోది తగలడానికీ మధ్య వ్యవధిని బట్టి ఎంత గట్టిగా నొక్కారో బోర్డు లెక్కేస్తుంది. పందిళ్ళ దుమ్ము అక్కడ చేరితే ఆ లెక్క తప్పుతుంది. తుడిస్తే పోతుంది.

ఖమ్మం ఆల్టో:

తిశ్రం అన్నయ్య మాటలన్నీ ఒప్పుకుంటాను గానీ ‘ఇవ్వకండి’ అన్నది అందరికీ వర్తించదు. నేను మా చర్చిలో పన్నెండేళ్ళుగా వాయిస్తున్నాను, నాదీ ఇదే మోడల్. మా పాటలు నిదానం. పియానో మీద స్ట్రింగ్స్ కలిపి, పెడల్ తొక్కిపట్టి, కింద స్టైల్ నడిపిస్తాం. బోర్డు ఒకేసారి మోగించగలిగేది 64 స్వరాలు. ఒక మెట్టు నొక్కితే పియానోకీ స్ట్రింగ్స్‌కీ విడివిడిగా లెక్క, స్టీరియో టోనయితే ఇంకా ఎక్కువ. స్టైల్ తన వాటా తను తీసుకుంటుంది. ప్రార్థన చివర్లో అందరూ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు మొదట పట్టిన స్వరాలు టక్కున తెగిపోతే ఆ నిశ్శబ్దంలో నాకు గుండె కలుక్కుమనేది. ఎస్ఎక్స్600లో అది 128. నాకు ఆ తేడా కోసం మార్చుకోవడం సరైన పనే అయింది. అయితే పాత దాంట్లో మైక్ పెట్టుకునే చోటు, పాడే గొంతుకి జత గొంతులు కలిపే వోకల్ హార్మనీ ఉన్నాయి. కొత్తవి అన్నింటిలో అవి ఉండవు, కొనేముందు వెనకవైపు తిప్పి చూసుకోండి.

ట్రాన్స్‌పోజ్ విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది. నేను చిన్నప్పుడు ఆ బటన్ మీదే పెరిగాను. ఏ పాటైనా సి లోనే. ఒకసారి పక్క ఊరి చర్చిలో నిజం పియానో ముందు కూర్చోబెట్టి ఈ-ఫ్లాట్ (E♭) స్కేల్‌లో వాయించమన్నారు, నా వేళ్ళు కదల్లేదు. ఇరవై ఏడేళ్ళ వయసులో స్కేల్సు మొదటినుంచి నేర్చుకున్నాను. పాపకి ఆ బటన్ ఇప్పుడే చూపించకండి.

గోదారిగట్టు (రాజమండ్రి):

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మూడు మెట్ల కిటుకు చేసి చూశాం. స్టైల్‌లో గిటారు ఆగిపోయి ఒట్టి లయ నడుస్తుంటే పాప గీతం మొదటినుంచి చివరిదాకా ఆపకుండా వాయించింది. అయ్యాక నావైపు తిరిగి ‘చూశావా, నేను చెప్పలేదూ’ అంది. లోపలి గదిలోంచి నాన్నగారు ‘టెంపో రెండు తగ్గించు’ అని కేకేశారు. ఎన్నాళ్ళకో ఆయన ఆ బోర్డు గురించి మాట్లాడడం.

ఎక్స్ఛేంజ్ వద్దని షాపుకి ఫోన్ చేసి చెప్పేశాను. నాన్నగారు ఆరు ఫ్లాపీలు ఏరారు, ఈ ఆదివారం వాటి పని. తిశ్రం గారూ, పాప గొంతు శృతి ఐదున్నర. తను పాడుతూ వాయించాలంటే జి షార్ప్ షడ్జమం అవ్వాలి. ఆల్టో గారు బటన్ వద్దన్నారు. ఏం చేయమంటారు?

తెనాలి తిశ్రం:

ఆల్టో చెల్లెమ్మ చెప్పింది నిజం. నేను స్టేజీ మీద మనిషిని కాబట్టి బటన్ పక్షాన మాట్లాడాను. నేర్చుకునే పిల్లకి ఆ తొందర లేదు.

జి షార్ప్ నుంచి మోహనం పట్టమనండి. జి షార్ప్, ఏ షార్ప్, సి, డి షార్ప్, ఎఫ్. ఐదింట్లో మూడు నల్లమెట్లు, గ, ద మాత్రం తెల్లవి. మొదటి వారం వేళ్ళు తడబడతాయి. బొటనవేలు సి మీదా ఎఫ్ మీదా పడేలా చూడండి, మిగతా వేళ్ళు వాటంతటవే నల్లమెట్ల మీదికి వస్తాయి. లయకి మళ్ళీ అదే మూడు మెట్ల కిటుకు, శృతి మారినా దానికి పనిలేదు. ఎప్పుడైనా ఇంట్లో చుట్టాలొచ్చి పాడమంటే ట్రాన్స్‌పోజ్ మైనస్ నాలుగు, ఆ ఒక్క పూటకి.

నాన్నగారి కుడి భుజమే కదా పట్టేసింది? ఎడమచెయ్యి బాగుంటే ఆయన్ని పాప పక్కనే ఎడమవైపు కూర్చోబెట్టండి. మెయిన్లు మార్చడం, ఫిల్ (మధ్యలో వచ్చే డ్రమ్స్ విరుపు) కొట్టడం, టెంపో చూసుకోవడం అన్నీ ఆ చేతి పనులే.